పెదనాన్నగారి జూనో-106ని స్టేజీ ఎక్కించవచ్చా?

మీరు అడిగింది ఇది. మద్రాసులో రికార్డింగులకు వాయించిన మీ పెదనాన్నగారు తన రోలాండ్ జూనో-106 సింథసైజర్‌ని, అంటే కరెంటుతో శబ్దాన్ని పుట్టించే కీబోర్డుని, మీ చేతికిచ్చారు. కాకినాడలో మీ అయిదుగురి బ్యాండు పెళ్ళి సంగీత్‌లకూ, కాలేజీ ఫెస్టులకూ, అప్పుడప్పుడు హాలు ప్రోగ్రాములకూ వాయిస్తోంది. దాన్ని షోలకు తీసుకెళ్ళాలా, లేక ఇంట్లో భద్రంగా ఉంచి ల్యాప్‌టాప్‌తో నెట్టుకురావాలా అన్నది సందేహం. "వాయించడానికే ఇచ్చాను" అని పెదనాన్నగారు అంటున్నారు. "పాడైతే మళ్ళీ దొరకదు" అని మీ బ్యాండులో మిగతావాళ్ళు అంటున్నారు.

తీసుకెళ్ళండి. కాకపోతే అన్నిటికీ వద్దు. ఏడాదికి నాలుగైదు షోలు మీరే ఏరి పెట్టుకోండి, వాటికి తీసుకెళ్ళండి. మిగతా వాటికి దాని గొంతు వెళ్తే చాలు, అది వెళ్ళనక్కర్లేదు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా విజయవాడ చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తున్నాను. పగలు పాత కీబోర్డులు విప్పి బాగుచేయడం నా పని. నా టేబుల్ మీదికి వచ్చిన పాత వాయిద్యాల్లో వాయించి వాయించి అరిగిపోయినవి చాలా తక్కువ. ఎక్కువ వాటిని చంపింది కరెంటు, ఆ తర్వాత కంగారు. మూడోది, ఏళ్ళ తరబడి గుడ్డ కప్పి మూలన పెట్టడం. కాబట్టి "ఇది ఖరీదైనది కదా, బయటికి తీయొచ్చా" అన్న ప్రశ్నను నేను వేరేలా అడుగుతాను. వెళ్ళే చోట కరెంటు ఎలాంటిది? స్టేజీ మీద మీకు ఎంత టైమ్ ఇస్తారు? ఈ రెండిటికీ సరైన జవాబు ఉన్న చోటికి నిశ్చింతగా తీసుకెళ్ళొచ్చు.

అసలు ముందు అది స్టేజీ ఎక్కే ఆరోగ్యంతో ఉందో లేదో చూడాలి. జూనో-106 మార్కెట్లోకి వచ్చింది 1984లో. అంటే నలభై ఏళ్ళు దాటిన యంత్రం. అందులో ఆరు గొంతులుంటాయి. ఒకేసారి ఆరు మెట్లు (కీలు) పలుకుతాయి, ఏడోదానికి గొంతు మిగలదు. ఒక్కో గొంతుకు ఒక్కో చిప్ ఉంటుంది, దాని పేరు 80017ఎ. శబ్దాన్ని మందంగానో పదునుగానో మలిచే ఫిల్టరూ, శబ్దాన్ని పెంచి తగ్గించే భాగమూ రెండూ అందులోనే ఉంటాయి. ఈ చిప్‌కు పోసిన నల్లటి రెసిన్ పూత ఏళ్ళు గడిచేకొద్దీ చెడి, పోకూడని దారిలో కరెంటును లీక్ చేస్తుంది. 106ల విషయంలో ప్రపంచమంతా ఉన్న జబ్బే ఇది. ఇది ఒక్కసారిగా రాదు. మొదట ఒక స్వరం పలికీ పలకనట్టు ఉంటుంది. తర్వాత చిటపటలు. ఆ తర్వాత మెట్టు మీంచి వేలు తీసినా స్వరం ఆగదు. విచిత్రం ఏమిటంటే తప్పు ఏ మెట్టులోనూ ఉండదు. గొంతులు వంతులవారీగా తిరుగుతాయి కాబట్టి, మీరు ఏ మెట్టు నొక్కినా ఆరోసారల్లా తేడా వస్తుంది. వాయించేవాడికి అర్థం కాక మెట్లన్నీ విప్పించిన వాళ్ళను చూశాను.

ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ వేయండి, టెస్ట్ మోడ్‌లోకి వెళ్తుంది. ఇప్పుడు ఒక్కో మెట్టు నొక్కుతుంటే ఏ గొంతు పలుకుతోందో డిస్‌ప్లేలో 1 నుంచి 6 దాకా అంకె కనిపిస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని నెమ్మదిగా వాయించండి. ఒక గంట వేడెక్కనిచ్చి మళ్ళీ చేయండి, చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మొరాయించే చిప్‌లు ఉంటాయి. స్టేజీ మీద అది వేడిగానే ఉంటుంది కదా. తేడా ఉన్న చిప్ కనబడితే రెండు దారులున్నాయి. దాన్ని జాగ్రత్తగా పెకలించి అసిటోన్‌లో నానబెట్టి ఆ పూత తీసేస్తే చాలా చిప్‌లు మళ్ళీ పలుకుతాయి. లేదా ఇప్పుడు కొత్తగా తయారుచేస్తున్న మారు చిప్‌లు వేసుకోవచ్చు. పాత బోర్డు మీద సోల్డరింగ్ కాస్త వేడి ఎక్కువైతే రాగి గీతలే లేచి వస్తాయి, అందుకని ఇది చేయి తిరిగినవాళ్ళకే ఇవ్వండి. ఒక్క చిప్ పోయిందంటే మిగిలిన అయిదూ అదే వయసువని గుర్తుంచుకుని ఆరూ ఒకేసారి చూపించండి.

విప్పినప్పుడే లోపల బ్యాటరీ కూడా మార్పించండి. ప్యాచ్‌లను, అంటే కుదిర్చి దాచుకున్న శబ్దాలను, గుర్తుపెట్టుకునేది నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032 సెల్. దాన్ని బోర్డుకు సోల్డర్ చేసి ఉంచారు. ఈసారి ఒక హోల్డర్ పెట్టిస్తే ఆ తర్వాత మీరే మార్చుకోవచ్చు. సెల్ తీసిన క్షణం మెమరీ ఖాళీ అవుతుంది. ఆ 128 ప్యాచ్‌లలో మీ పెదనాన్నగారు స్వయంగా తయారుచేసుకున్నవి ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు? కాబట్టి ముందు బ్యాకప్. వెనకవైపు టేప్ కోసం సేవ్, లోడ్ జాక్‌లు ఉంటాయి. ఆ రోజుల్లో క్యాసెట్‌లో దాచేవాళ్ళు, ఇప్పుడు అదే శబ్దాన్ని కంప్యూటర్లో రికార్డు చేసుకుంటే సరిపోతుంది. కీచుమని మోగే ఆ శబ్దంలోనే ప్యాచ్‌లన్నీ ఉంటాయి. దాన్ని రెండు మూడు చోట్ల దాచండి. వాయిద్యం పోతే ఇంకొకటి ఎక్కడో దొరకొచ్చు. ఆయన పైనున్న జారుడు మీటలు (స్లైడర్లు) జరిపి, చెవితో విని కుదుర్చుకున్న శబ్దాలు మాత్రం ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. నా దృష్టిలో మీ దగ్గరున్న అసలు ఆస్తి అవే.

ఇంకొక చిన్న సంగతి. వెనక ప్లేటు మీద వోల్టేజి ఎంత రాసి ఉందో చదవండి. జపాన్ మార్కెట్ కోసం చేసినవి 100 వోల్టులవి, అమెరికావి 117. ఆ రోజుల్లో మన వాళ్ళకు ఇవి తలా ఒక దారిలో చేరాయి కాబట్టి ఏది చేతికొచ్చిందో చెప్పలేం. మీది 100 అయితే ఇన్నాళ్ళూ పెదనాన్నగారు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడుతూ ఉండాలి, దాన్ని అడిగి తీసుకోండి. షో రోజు తొందరలో ఎవరో ఒకరు నేరుగా 230లో గుచ్చితే అంతే సంగతులు. అలాంటి యూనిట్ అయితే ప్లగ్ దగ్గరే ఎర్ర టేపు చుట్టి పెద్ద అక్షరాలతో 100 అని రాసి పెట్టండి.

ఇక కరెంటు సంగతి. మన దగ్గర ఆరుబయట షోల్లో అసలు గండం ఇదే. దీన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

2004లో తెనాలి దగ్గర ఒక ఊళ్ళో అమ్మవారి తిరునాళ్ళు. నా దగ్గర అప్పుడు యమహా డీఎక్స్7 సింథసైజర్ ఉండేది, 1980ల నాటిది, ఎన్నో నెలల సంపాదన కూడబెట్టి కొనుక్కున్నది. స్టేజీకి జనరేటర్ కరెంటు. రెండో పాట ఇంటర్‌లూడ్ వాయిస్తున్నాను. పందిరికి కట్టిన ట్యూబులైట్లు ఒక వరుస ఉన్నట్టుండి తెల్లగా, పట్టపగల్లా వెలిగాయి. అవతలి వరుస గుడ్డిదీపాల్లా అయిపోయింది. ఏమిటా అని తలెత్తి చూసే లోపే నా చేతి కింద నుంచి వార్నిష్ కాలిన వాసన వచ్చింది. శబ్దం ఏమీ రాలేదు, పెద్ద మెరుపూ లేదు. డిస్‌ప్లే ఆరిపోయింది, అంతే. గిటారిస్టు ఎకో యూనిట్ కూడా అదే క్షణంలో పోయింది. జనరేటర్ దగ్గరికి పరుగెత్తి చూస్తే న్యూట్రల్ వైరు ఊడి పక్కకు వేలాడుతోంది. బోల్టు బిగించకుండా చుట్టి వదిలేశారు. ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ చుట్టించాను, రెగ్యులేటర్లు మార్చాను. కానీ లోపల శబ్దాన్ని పుట్టించే చిప్‌లు యమహా తనకోసం ప్రత్యేకంగా చేసుకున్నవి, బజార్లో కొనే సరుకు కాదు. అవి పోయాయి. ఆ డీఎక్స్7 ఇప్పటికీ మా అటక మీద ఉంది. పారేయడానికి మనసొప్పలేదు.

అక్కడ జరిగిందేమిటంటే, పెద్ద స్టేజీలకు మూడు ఫేజుల కరెంటు ఇస్తారు. లైట్లు ఒక ఫేజ్ మీద, సౌండ్ ఇంకో ఫేజ్ మీద ఉంటాయి. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతసేపు ఎవరి 230 వోల్టులు వాళ్ళవి. అది ఊడిందంటే రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులను ఆ రెండు లోడ్లూ పంచుకోవాలి. ఎక్కువ లోడ్ ఉన్నవైపు వోల్టేజి పడిపోతుంది, తక్కువ లోడ్ ఉన్నవైపు ఎగబాకుతుంది. కీబోర్డు, పెడల్స్, ల్యాప్‌టాప్ లాంటివి ఎప్పుడూ తేలిక లోడ్ వైపే. ఫ్యూజ్ కాపాడుతుందిలే అనుకోకండి, ఫ్యూజ్ ఆంపియర్లను చూసి కరుగుతుంది, అది కరిగేలోపు పోవాల్సింది పోతుంది. మామూలు స్టెబిలైజర్ రిలే తో పనిచేస్తుంది, ఇంత పెద్ద ఎగుడుదిగుడును అది అందుకోలేదు.

అప్పటినుంచి నేను చేస్తున్నది చెప్తాను. నా పాత వాయిద్యాలకు ఆన్‌లైన్ యూపీఎస్ ఒకటి విడిగా ఉంది. ఇంట్లో కంప్యూటర్‌కు పెట్టుకునే మామూలు యూపీఎస్ వేరు, అది కరెంటు బాగున్నంతసేపు బయటి కరెంటునే లోపలికి వదులుతుంది. ఆన్‌లైన్ రకం వచ్చిన కరెంటును ముందు డీసీగా మార్చి, మళ్ళీ కొత్తగా ఏసీ తయారుచేసి ఇస్తుంది. బయట ఏం జరిగినా ముందు దెబ్బ తినేది యూపీఎస్, వాయిద్యం కాదు. జూనో తినే కరెంటు పాత అరవై వాట్ల బల్బు కంటే తక్కువ, కాబట్టి మార్కెట్లో దొరికే చిన్న 1 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ దానికి బోలెడంత. బరువు మోయాలి, ఖర్చూ ఉంది. అయినా ఒక్క చిప్‌ల సెట్ ఖర్చుతో పోల్చుకుని చూడండి.

రెండోది మల్టీమీటర్. సౌండ్ చెక్ టైమ్‌లో అందరూ మైకులు చూసుకుంటుంటే నేను ప్లగ్ పాయింట్ చూస్తాను. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 చుట్టూ ఉండాలి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య నాలుగైదు వోల్టులు దాటితే నేను ప్లగ్ పెట్టను, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్ బిగించమంటాను. ఈ కొలత లైట్లన్నీ వేయించాకే తీయాలి. ఖాళీ స్టేజీలో అన్నీ చక్కగానే కనిపిస్తాయి, మొదటి పాటకు లైట్లు పడగానే అసలు రంగు బయటపడుతుంది. ఎర్త్ లేదని తెలిస్తే వాయిద్యం కోసమే కాదు, మీ గాయకుల కోసం కూడా అక్కడే ఆగండి. ఒక చేయి గిటారు తీగల మీద ఉండి పెదవులు మైకుకు తగిలినప్పుడు షాక్ కొట్టి పడిపోయిన వాళ్ళున్నారు. స్పీకర్లలో హమ్ (గుయ్‌మనే మోత) వస్తోందని ఎర్త్ పిన్ను విరగ్గొట్టే సౌండ్ వాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళను చేయనివ్వకండి. హమ్‌కు మందు డీఐ బాక్సు, వాయిద్యానికీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె.

కరెంటు విషయంలో మీ జూనోకు ఒక సుగుణం కూడా ఉంది. స్వరాన్ని పుట్టించే దాని ఆసిలేటర్లకు డిజిటల్ గడియారం శ్రుతి పడుతుంది, అందుకే వేడికీ వోల్టేజికీ శ్రుతి కదలదు. మినీమూగ్ లాంటి అంతకు ముందు తరం సింథ్‌లు స్టేజీ లైట్ల వేడికి పాట మధ్యలో శ్రుతి తప్పుతాయి. హామండ్ బీ-3 ఆర్గన్ అయితే ఇంకో ముచ్చట. లోపల చక్రాలను తిప్పే మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది. అమెరికాలోని 60 హెర్ట్జ్ కోసం చేసినదాన్ని మన 50 హెర్ట్జ్‌లో పెడితే మొత్తం ఆర్గనే మూడు మెట్లకు పైగా కిందికి దిగిపోతుంది. జనరేటర్ ఊపిరి పట్టి వదిలినప్పుడల్లా శ్రుతీ ఊగుతుంది. ఆ తలనొప్పి మీకు లేదు.

కంగారు గురించి రెండు మాటలు. సంగీత్ షోలో డాన్సు అయ్యాక మీకు ఇచ్చేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో స్టాండు మీదికి ఎత్తేది మీరు కాదు, ఈవెంట్ వాళ్ళ కుర్రాడు. జూనో పది కిలోలే కాబట్టి ఒక్కడే ఒంటిచేత్తో పట్టుకుంటాడు, స్లైడర్ల మీదే చేయి వేస్తాడు. ఆ స్లైడర్ల టోపీలు ఊడిపోతే ఏరుకోవచ్చు, లోపలి కాడ వంగితే అంతే. పైగా ఇప్పుడు వధూవరులు రాగానే స్టేజీకి రెండువైపులా కోల్డ్ ఫైర్ వెలిగిస్తున్నారు. చల్లటి నిప్పు, ఏమీ కాదు అంటారు. అది టైటానియం లాంటి లోహాల పొడి. నా దగ్గరికి బాగుకు వచ్చిన ఒక కీబోర్డు పైమూత తీస్తే, స్లైడర్ల సందుల కింద బూడిదరంగు ఇసుక లాంటిది పేరుకుని ఉంది. బ్రష్‌తో ఎంత తీసినా రాలుతూనే ఉంది. సింథ్ పైన అంత పొడవున సందులు తెరుచుకుని ఉండే జూనోకు ఇంతకంటే పెద్ద హాని ఇంకొకటి లేదు. పొగమెషిన్ వదిలే పొగ కూడా జిడ్డుగా వాటి మీదే పడుతుంది. అక్షింతలు, కాగితం ముక్కలు, కూల్‌డ్రింక్ గ్లాసులు సరేసరి. పెళ్ళిళ్ళకు దాన్ని తీసుకెళ్ళవద్దని నేను ఖచ్చితంగా చెప్పేది ఇందుకే.

మరి పెళ్ళిలో వినేవాళ్ళకు ఏమైనా లోటా? నిజాయితీగా చెప్పాలంటే, లోటేమీ లేదు. జూనో అందమంతా కోరస్ అనే దాని ఎఫెక్టులో ఉంది. ఎడమా కుడీ రెండు స్పీకర్లలో కొద్ది తేడాతో అలలా కదులుతుంది. మన ఆరుబయట సౌండ్ దాదాపు ఎప్పుడూ మోనో. ఎడమా కుడీ కలిపి ఒకటిగా పంపేసరికి ఆ వెడల్పు పోతుంది, మిగిలేది కాస్త హిస్‌తో కూడిన మామూలు స్ట్రింగ్స్. దాని మీద ప్యాడ్స్, తబలా, ఢోలక్, పైన గాయకుల రివర్బ్. నాలుగో వరుసలో కూర్చున్న నేనే పోల్చుకోలేను.

తేడా వినేవాళ్ళ దగ్గర కాదు, వాయించేవాడి దగ్గర ఉంది. ఆ తేడా చిన్నది కాదు. గుంటూరులో ఒక హాల్లో ఒకసారి మిత్రుడి 106 మీద పాత మెలోడీలు వాయించాను. ఏసీ హాలు, స్టీరియో సౌండ్, నిశ్శబ్దంగా కూర్చున్న జనం. ఒక పాటకు ముందు నాలుగు స్వరాలు పట్టుకుని ఫిల్టర్ స్లైడర్‌ను కింది నుంచి నెమ్మదిగా పైకి జరిపాను. తలుపు సందులోంచి వెలుతురు వచ్చినట్టు శబ్దం తెరుచుకుంటూ వచ్చింది. ఎంత సేపు తెరవాలో నేను ముందు అనుకోలేదు, గాయని ఊపిరి తీసుకునేదాకా ఆగి, ఆమె ఎత్తుకోగానే మూశాను. ల్యాప్‌టాప్‌లో కూడా ఒక నాబ్‌కు ఇది అప్పజెప్పొచ్చు. కానీ వేలికింద ఆ స్లైడర్ బిగువు, అది ఎక్కడుంటే శబ్దం ఎలా ఉంటుందో చెయ్యి గుర్తుపెట్టుకోవడం, ఇవి నన్ను వేరేలా వాయించేలా చేశాయి. తక్కువ స్వరాలు వాయించాను, ఎక్కువ సేపు పట్టుకున్నాను. ఆ రోజు హాలుకు చేరింది ఆ వాయింపే. పాత వాయిద్యాన్ని స్టేజీకి తీసుకెళ్ళడానికి నా దగ్గరున్న కారణం ఇదొక్కటే, నాకు ఇది చాలు. స్టేజీ మీద ఫొటోల్లో బాగా కనిపిస్తుందని, మిగతా బ్యాండ్ల దగ్గర లేదని తీసుకెళ్ళేవాళ్ళున్నారు. అందుకోసమైతే ఇంట్లో ఉంచడమే మంచిది.

మన వీణ వాయించేవాళ్ళు ఈ లెక్క ఎప్పుడో తేల్చుకున్నారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన ఏకాండీ వీణ ఇంట్లో ఉంటే, దాన్ని సాధనకూ దగ్గరి సభలకూ వాడతారు. దూరాలకు విడదీసి పెట్టెలో పెట్టుకునే వీణ తీసుకెళ్ళేవాళ్ళు చాలామంది. మెట్లు నిలబడేది మైనం మీద కాబట్టి, మే నెల ఎండలో కారు డిక్కీలో పెట్టారంటే మైనం మెత్తబడి ఇరవై నాలుగు మెట్లూ కదిలిపోతాయని వాళ్ళకు తెలుసు. అలాగని ఏకాండీ వీణను ఎవరూ బీరువాలో పెట్టి తాళం వేయరు. రోజూ వాయిస్తేనే దాని నాదం నిలబడుతుందని నమ్ముతారు.

బయటి దేశాల్లోనూ అంతే. ఇటలీ వయోలిన్ విద్వాంసుడు పగనీని వాయించిన వయోలిన్, గ్వార్నేరి అనే పనివాడు 1743లో చేసినది, జెనోవా నగరం దగ్గర ఉంది. అద్దాల పెట్టెలో ఉంచినా ఎంపిక చేసిన కళాకారుల చేత అప్పుడప్పుడు వాయిస్తూనే ఉన్నారు. అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో కొన్న మార్టిన్ గిటారుతోనే యాభై ఏళ్ళకు పైగా స్టేజీల మీద వాయించాడు. పిక్ రాపిడికి పైచెక్క అరిగి దానికి ఇంకో రంధ్రమే పడింది. ఆ గిటారును క్రమం తప్పకుండా మరమ్మతుకు ఇస్తాడు, అందుకే నిలబడింది. ఇక ప్రమాదం వైపు చూస్తే రాక్ గిటారిస్టు పీటర్ ఫ్రాంప్టన్ 1954 నాటి లెస్‌పాల్ గిటారు. 1980లో వెనిజులాలో సరుకుల విమానం కూలి దాంతోపాటు కాలిపోయిందని అందరూ అనుకున్నారు. 31 ఏళ్ళ తర్వాత మసి బారిన చెక్కతో అది తిరిగొచ్చింది, ఆయన దాన్ని బాగుచేయించి మళ్ళీ స్టేజీ మీదే వాయించాడు. ఆ గిటారుకు స్టేజీ మీద ఏ హానీ జరగలేదు, దారిలో జరిగింది. మీకు కూడా ప్రమాదం ఎక్కువ ఉండేది వ్యాన్‌లోనూ, మేడమెట్ల మీదా, తలుపు దగ్గరా.

అందుకని దారి సంగతి. మెత్తటి బ్యాగ్ వద్దు. మందమైన ప్లైవుడ్‌తో, లోపల ఫోమ్ వేసి, మూత స్లైడర్లకు తగలకుండా ఎత్తు వదిలి ఫ్లైట్ కేసు చేయించండి. కొలతలు ఇచ్చి మీ ఊళ్ళో చేయించినా పర్వాలేదు. వ్యాన్‌లో పడుకోబెట్టే ఉంచాలి, నిలబెట్టకూడదు, దాని మీద ఇంకేమీ పెట్టకూడదు. ఎండలో బండి ఆపి భోజనానికి వెళ్తే కేసు కూడా మీతో లోపలికి రావాలి. ఏసీ హాల్లోంచి బయటి ఉక్కపోతలోకి తెచ్చిన వెంటనే కేసు తెరిచి పవర్ వేయకండి. చల్లటి లోహం మీద తేమ చేరుతుంది, అరగంట ఆగండి. కాకినాడలో మీకు సముద్రపు గాలి ఉప్పు అదనం. జాక్‌లూ, స్విచ్‌ల కాంటాక్టులూ తొందరగా నల్లబడతాయి. కేసులో సిలికా జెల్ పొట్లాలు వేసి నెలనెలా మార్చండి. వారానికి ఒకసారి ఒక గంటసేపు వాయించి, స్లైడర్లన్నీ ఆ చివర నుంచి ఈ చివరకు జరపండి. మూలన పడి ఉన్న వాటిలో మొదట గరగరలాడేవి స్లైడర్లే.

ఇన్సూరెన్స్ తీసుకుంటే పాలసీలో దాని విలువ ముందే అంకెలతో రాయించుకోండి. రాయించకపోతే వాళ్ళు నలభై ఏళ్ళ తరుగుదల లెక్కగట్టి చేతిలో ఏమీ మిగల్చరు. ప్రయాణం కూడా కవర్ అవుతుందా అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

మిగతా షోలకు దాని గొంతు ఎలా తీసుకెళ్ళాలి? జూనో మెట్లకు వేలి బలం తెలియదు, మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే శబ్దం. అందువల్ల శాంపిల్ చేయడం, అంటే దాని స్వరాలను రికార్డు చేసి వేరే కీబోర్డు మీద పలికించడం, సులువు. పెదనాన్నగారి ప్యాచ్‌లలో మీకు షోల్లో పనికొచ్చే పది పన్నెండు ఎంచుకుని, మూడు మెట్లకొకటి చొప్పున, ఒక్కో స్వరం పది పన్నెండు సెకన్లు, స్టీరియోలో రికార్డు చేయండి. కోరస్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి. వాటిని మీ ల్యాప్‌టాప్‌లోనో, శాంపిల్స్ తీసుకునే కీబోర్డులోనో వేసుకోండి. ఫిల్టర్ కదిలే శబ్దాలు శాంపిల్‌కు లొంగవు. వాటికి రోలాండ్ వాళ్ళదే జూనో-106 సాఫ్ట్‌వేర్ ఉంది. విడిగా పెట్టె కావాలంటే 2019లో వచ్చిన జేయూ-06ఎ చిన్నది, చవక. దానికి నాలుగే గొంతులు కాబట్టి రెండు చేతులతో ఎక్కువ స్వరాలు కలిపి పట్టుకుంటే స్వరాలు తెగుతాయి, అది చూసుకుని వాయించాలి. సంగీత్‌లో అది కింద పడినా మీకు నిద్ర పడుతుంది.

అసలు జూనోను తీసుకెళ్ళే షోలకు నేను పెట్టుకునే షరతులు చెప్తాను. పైకప్పు ఉన్న హాలు కావాలి. సౌండ్ చెక్‌కు కనీసం గంట కావాలి, ఆ తర్వాత స్టేజీ మీంచి దించే పని ఉండకూడదు. కోల్డ్ ఫైర్, పొగ లేవని నిర్వాహకులు ముందే ఒప్పుకోవాలి. కేసు మోసేదీ, స్టాండు ఎక్కించేదీ, దించేదీ మీ బ్యాండులో ఇద్దరే, మూడో మనిషి చెయ్యి పడకూడదు. ఆ స్టాండు కూడా కత్తెర కాళ్ళది కాకుండా నాలుగు కాళ్ళ బల్ల రకం అయి ఉండాలి. పక్కనే ల్యాప్‌టాప్ అవే ప్యాచ్‌లతో ఆన్ చేసి సిద్ధంగా ఉండాలి, పాట మధ్యలో ఒక గొంతు మొరాయిస్తే ఫేడర్ మార్చుకుని సాగిపోవడానికి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా నేను జూనోను ఇంట్లోనే ఉంచుతాను, డబ్బు ఎంత ఇచ్చినా సరే. కాలేజీ ఫెస్టుల్లో ఇవి దాదాపు ఎక్కడా కుదరవు. ఆడిటోరియంలో జరిగేవి మాత్రం అడిగి చూడండి, కొన్నిచోట్ల కరెంటు, సౌండ్ చాలా బాగుంటాయి.

మీ బ్యాండు వాళ్ళ భయం సరైనదే, పెదనాన్నగారి మాటా సరైనదే. ఇద్దరూ రెండు వేర్వేరు షోల గురించి మాట్లాడుతున్నారు. పెదనాన్నగారు వాయించింది స్టూడియోల్లో. అక్కడ కరెంటు చూసుకోవడానికి మనిషి ఉండేవాడు, వాయిద్యం పెట్టిన చోటు నుంచి కదిలేది కాదు. ఆయన మనసులో ఉన్న "వాయించడం" అది. మీ సంగీత్ స్టేజీని ఒకసారి ఆయనకు వీడియోలో చూపించండి, ఎక్కడికి తీసుకెళ్ళొచ్చో ఆయనే చెప్తారు. ఆయన ఓపికతో ఉండగానే ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఆ 128 ప్యాచ్‌లూ ఒక్కొక్కటే వినిపించి, ఏది దేనికోసం చేసుకున్నారో అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ అంకెల వెనక ఏముందో ఇంకెవరూ చెప్పలేరు.

డిసెంబరులో హాలు ప్రోగ్రాం ఉందన్నారు కాబట్టి టైమ్ ఉంది. ముందు బ్యాకప్ తీసి, టెస్ట్ మోడ్‌లో చల్లగా ఒకసారి, గంట తర్వాత ఒకసారి వాయించి, 1 నుంచి 6 లో ఏ అంకె దగ్గర ఏ తేడా వినిపించిందో నాకు రాయండి. వెనక ప్లేటు ఫొటో కూడా పెట్టండి. చిప్‌లు మార్చాలా, బ్యాటరీ ఒక్కటి సరిపోతుందా అన్నది దాన్ని చూసి చెప్తాను.